మూడు నిమిషాల కాల్పులు, నాలుగు గంటల కబుర్లు: కౌబాయ్ షూటింగ్ ఆట వెనక కథ

ఇవాళ ఎపిసోడ్ ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం.

అమెరికాలో కౌబాయ్ యాక్షన్ షూటింగ్ అని ఒక ఆట ఉంది. 1880ల నాటి టోపీ, బూట్లు వేసుకుని, నడుముకి తోలు బెల్టు కట్టుకుని, ఇనుప పలకల్ని గురి చూసి కొట్టే ఆట. ఊళ్లో క్లబ్ పెట్టే మామూలు మ్యాచ్‌లో ఐదారు స్టేజీలు ఉంటాయి. ఒక్కో స్టేజీలో ఒక మనిషి కాల్చే టైమ్ సుమారు 30 సెకన్లు. 6 ఇంటూ 30, అంటే 180 సెకన్లు. మొత్తం కలిపి మూడు నిమిషాలు! ఈ మూడు నిమిషాల కోసం ఆ మనిషి పొద్దున్నే లేచి, కారేసుకుని ఊరి బయటికి వచ్చి, నాలుగు గంటలు ఎండలో నిలబడతాడు. మరి మిగతా టైమంతా ఏం చేస్తాడు? మాట్లాడతాడు. పక్కవాడికి సాయం చేస్తాడు. మళ్లీ మాట్లాడతాడు.

మన పెళ్లిళ్లు గుర్తు తెచ్చుకోండి. జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తం రెండు నిమిషాలు. చుట్టాల కబుర్లు మూడు రోజులు. పెళ్లికి ఎందుకెళ్లావ్ అంటే ముహూర్తానికి అంటాం గానీ, అసలు ఎందుకెళ్లామో మనకి తెలుసు కదా.

ఈ ఆటలో అది ఊరికే జరగలేదు. రూల్సే అలా రాసుకున్నారు. ఎవరు రాశారు, పాత కాలం నుంచి ఏం తెచ్చుకున్నారు, ఏది చూడనట్టు వదిలేశారు, ఇవాళ అదంతా మాట్లాడుకుందాం.

మన తెలుగువాళ్లకి కౌబాయ్ అంటే ముందు కృష్ణగారే. 1971లో మోసగాళ్లకు మోసగాడు వచ్చింది, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. టోపీ, గుర్రం, ఎడారి, నడుముకి తుపాకీ. మా నాన్న తరం వాళ్లకి ఆ బొమ్మ కళ్లల్లో అలాగే ఉండిపోయింది. నాకు ఆ తర్వాత మహేష్ బాబు టక్కరి దొంగ. వీటన్నిటిలో కౌబాయ్ పని ఒక్కటే, తుపాకీ తీయడం. ఆవులు మాత్రం ఎక్కడా కనపడవు.

అసలు కౌబాయ్ పనంతా ఆవులతోనే. 1865లో అమెరికా అంతర్యుద్ధం అయిపోయాక టెక్సాస్‌లో పశువులు లెక్కలేనన్ని ఉన్నాయి, కొనేవాడు లేడు. ఉత్తరాది నగరాల్లో మాంసానికి మంచి ధర ఉంది. రైలు మాత్రం కన్సాస్ దాకానే వచ్చింది. 1867లో జోసెఫ్ మెకాయ్ అనే వ్యాపారి కన్సాస్‌లోని ఆబిలీన్ అనే చిన్న ఊళ్లో రైలు పట్టాల పక్కన పశువుల దొడ్లు కట్టించాడు. అంతే, టెక్సాస్ నుంచి వందల మైళ్లు మందల్ని తోలుకురావడం మొదలైంది. ఒక్కో మందకి పది పన్నెండు మంది కుర్రాళ్లు, ఒక వంటవాడు, ఒక వంట బండి. జీతం నెలకి 30, 40 డాలర్లు. రెండు మూడు నెలలు దుమ్ములో గుర్రం మీద. రాత్రిళ్లు మంద బెదిరిపోకుండా చుట్టూ తిరుగుతూ పాటలు పాడేవాళ్లు. తిండికి, నిద్రకి, కబుర్లకి అన్నిటికీ ఆ వంట బండి పక్కన నిప్పే దిక్కు.

ఈ కుర్రాళ్లు ఎవరంటే, సినిమాలో చూసినట్టు అందరూ తెల్లవాళ్లేం కాదు. నలుగురిలో ఒకరు నల్లజాతి మనిషి అని చరిత్రకారుల అంచనా. చాలామంది బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డవాళ్లు. ఇంకెంతోమంది మెక్సికన్ వకేరోలు. నిజానికి ఈ పని నేర్పిందే వకేరోలు. లాసో, రాంచ్, ఈ మాటలన్నీ వాళ్ల స్పానిష్ నుంచి వచ్చినవే. బకరూ అనే మాట కూడా వకేరో అనేదాన్ని అమెరికన్లు తమ నోటికి తిప్పుకున్నదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పనుంది.

మరి తుపాకీల సంగతి? టెక్సాస్‌లో ఎక్స్ఐటీ అని ఒక పేద్ద రాంచ్ ఉండేది. అక్కడి పనివాళ్లకి 1888లో రాసిన నియమాల్లో రివాల్వర్ దగ్గర పెట్టుకోవడం నిషేధం! ఇక కన్సాస్‌లో డాడ్జ్ సిటీ, సినిమాల్లో నిమిషానికో కాల్పులు జరిగే ఊరు. ఆ ఊరి వీధిలో తుపాకీలు పట్టుకు తిరగడం నిషేధం అని పెద్ద బోర్డు నిలబెట్టారు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. ఊళ్లోకి వచ్చేవాడు తుపాకీ అప్పజెప్పాలి, పోయేటప్పుడు తీసుకోవాలి. మనం గుడి బయట చెప్పులు వదిలి టోకెన్ తీసుకుంటాం చూడండి, దాదాపు అలాగే.

అన్నిటికంటే ఫేమస్ కాల్పులు, ఓకే కొరాల్, దానికి మూలం కూడా ఈ రూలే. అరిజోనాలో టూంబ్‌స్టోన్ అనే ఊళ్లో 1881లో తుపాకీ పట్టుకు తిరగకూడదని చట్టం చేశారు. అదే ఏడు అక్టోబర్ 26న మార్షల్ వర్జిల్ అర్ప్, తమ్ముళ్లు వయట్, మోర్గన్‌లనీ డాక్ హాలిడేనీ వెంటబెట్టుకుని కొందరి తుపాకీలు తీసుకోవడానికి వెళ్లాడు. మాట పెరిగింది. సుమారు 30 సెకన్లలో 30 గుళ్లు పేలాయి, ముగ్గురు చనిపోయారు. అది కొరాల్‌లో జరగలేదు కూడా, దాని దగ్గర్లో ఉన్న ఒక ఖాళీ స్థలంలో జరిగింది. పోస్టర్ మీద ఖాళీ స్థలం అంటే ఎవడు చూస్తాడు చెప్పండి!

ఈ మందలు తోలే కాలం సుమారు ఇరవై ఏళ్లే నిలిచింది. ముళ్ల కంచెకి 1874లో పేటెంట్ వచ్చింది, మైదానాలకి కంచెలు పడ్డాయి, రైళ్లు టెక్సాస్ దాకా వచ్చాయి, 1886-87 చలికి పశువులు కుప్పలుగా చచ్చాయి. ఇదంతా పూర్తవకముందే, 1883లోనే, బఫెలో బిల్ అనే ఆయన కౌబాయ్‌లని టికెట్ పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. అసలు మనుషులు ఇంకా పనిలో ఉండగానే వాళ్ల మీద షో నడిచిందన్నమాట. ఆ తర్వాత సినిమా, ఆ తర్వాత టీవీ.

ఈ టీవీ దగ్గర ఒక సరదా విషయం ఉంది. కోల్ట్ కంపెనీ 1873లో తెచ్చిన సింగిల్ యాక్షన్ రివాల్వర్, అంటే ప్రతి గుండుకీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగాల్సిన రకం, సినిమాల్లో మనం చూసేది అదే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి కంపెనీ దాన్ని ఆపేసింది, ఇంక ఎవరు కొంటారని. 1950ల్లో ఇంటింటికీ టీవీ వచ్చింది, టీవీ నిండా కౌబాయ్ సీరియళ్లు. దాంతో జనం ఆ తుపాకీయే కావాలన్నారు. 1953లో రూగర్ కంపెనీ అదే తరహాలో ఒకటి తెచ్చి అమ్ముకుంది, అది చూసి 1956లో కోల్ట్ మళ్లీ తయారీ మొదలుపెట్టింది. చచ్చిపోయిన ప్రొడక్ట్‌ని సీరియళ్లు బతికించాయి. తర్వాత ఇటలీలో ఉబర్టి లాంటి కంపెనీలు ఈ పాత తుపాకీలకి నకళ్లు చేసి అమ్మడం మొదలుపెట్టాయి. ఆ నకళ్లు లేకపోతే ఈ ఆట ఇంత పెరిగేది కాదు.

ఇప్పుడు 1981కి వద్దాం. టూంబ్‌స్టోన్ కాల్పులకి సరిగ్గా వందేళ్లు. దక్షిణ కాలిఫోర్నియాలో హార్పర్ క్రే అనే ఆయన ఉన్నాడు. ఆ సీరియళ్లు చూస్తూ పెరిగిన తరం. అప్పటికి అమెరికాలో ప్రాక్టికల్ షూటింగ్ పోటీలు బాగా నడుస్తున్నాయి. మొదట అందరూ మామూలు పిస్టల్‌తో వచ్చేవాళ్లు. పోనుపోను ఎవడి తుపాకీ ఖరీదైతే వాడిదే గెలుపు అన్నట్టు తయారైంది, ప్రత్యేకంగా చేయించుకున్న రేసు తుపాకీలు వచ్చాయి. గేమింగ్ పీసీలు చూస్తుంటారుగా, గ్రాఫిక్స్ కార్డ్ కొన్నవాడే మొనగాడు అన్న స్టేజ్. క్రే, ఆయన స్నేహితులు అటు పోలేదు. పాత కాలపు తుపాకీలతోనే ఆడదాం, పాత కాలపు బట్టలే వేసుకుందాం అనుకున్నారు. టీవీలో పాత కౌబాయ్ సినిమా చూస్తుంటే ఆ ఆలోచన వచ్చిందని వాళ్లు చెప్పుకునే కథ. 1982లో ఎండ్ ఆఫ్ ట్రెయిల్ అని పెద్ద పోటీ పెట్టారు. 1987లో సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ అని సంఘం పెట్టుకున్నారు, పొట్టిగా సాస్ అంటారు. సంఘం నడిపిన పెద్దలకి వైల్డ్ బంచ్ అని పేరు, అదొక సినిమా పేరు కూడా.

వాళ్లు రాసుకున్న రూల్స్ నాకు భలే నచ్చాయి. మొదటిది, పేరు. సంఘంలో చేరాలంటే నువ్వొక మారుపేరు పెట్టుకోవాలి. ఆ పేరు ఇంకెవరికీ ఉండకూడదు. మన యూజర్ నేమ్ లాగా, ఎవరైనా ముందే తీసుకుంటే అంతే సంగతులు. క్రే తీసుకున్న పేరు జడ్జ్ రాయ్ బీన్. టెక్సాస్‌లో సారా కొట్టులోనే కోర్టు నడిపిన ఒక నిజం మనిషి పేరు అది. మ్యాచ్‌లో అందరూ ఆ మారుపేరుతోనే పిలుచుకుంటారు. పక్కన నిలబడ్డవాడు డాక్టరో, ప్లంబరో, రిటైరైన పోలీసో పేరు చెప్తే తెలియదు. ఏళ్ల తరబడి కలిసి ఆడినా ఒకరి అసలు పేరు ఇంకొకరికి తెలియనివాళ్లు చాలామంది ఉంటారట. పాత పడమటి దేశంలో కూడా కొత్తగా వచ్చినవాడిని నీ అసలు పేరేంటి, ఎక్కణ్నుంచి వచ్చావ్ అని అడగడం మర్యాద కాదని చెప్పుకునేవాళ్లు. మన దగ్గర కొత్త మనిషి కనపడగానే మొదటి ప్రశ్న ఇంటిపేరేంటి, ఆ తర్వాతది ఏ ఊరు. ఎందుకు అడుగుతామో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ ప్రశ్నే లేని చోట మాటలు వేరేగా మొదలవుతాయి.

రెండోది, పాసీ. పాత రోజుల్లో దొంగల్ని పట్టుకోవడానికి షెరీఫ్ పోగుచేసే గుంపుని పాసీ అనేవాళ్లు. ఇక్కడ మ్యాచ్‌కి వచ్చినవాళ్లని పదిహేను ఇరవై మంది చొప్పున పాసీలుగా విడగొడతారు. రోజంతా ఆ గుంపు కలిసే తిరుగుతుంది. ఒకడు కాలుస్తుంటే మిగతావాళ్లు ఊరికే చూడరు. ఒకరు టైమర్ పట్టుకుంటారు, ముగ్గురు తప్పులు లెక్కపెడతారు, ఒకరు మార్కులు రాస్తారు, ఇంకొకరు పడిపోయిన టార్గెట్లు నిలబెడతారు, కొందరు ఖాళీ తూటాలు ఏరి పెడతారు. జీతగాళ్లు ఎవరూ లేరు, అంతా ఆడేవాళ్లే. మన ఊళ్లో పెళ్లి భోజనాల్లో చుట్టాలే వడ్డించేవాళ్లు, అలా.

మూడోది టైమర్ పట్టుకున్న మనిషి. ఏ ఆటలోనైనా అంపైర్ మన తప్పు పట్టుకోవడానికి ఉంటాడు. ఇక్కడ ఆయన మనకి సాయం చెయ్యచ్చు. తర్వాత ఎడమ పక్క టార్గెట్, ఇంకా ఒక గుండు ఉంది అని చెవి పక్కన చెప్పచ్చు, రూల్స్ ఒప్పుకుంటాయి. గుండు తగిలిందా లేదా అని ముగ్గురిలో ఇద్దరు ఏది చెప్తే అదే లెక్క. అనుమానం వస్తే కాల్చినవాడి పక్షమే. తప్పిన ప్రతి గుండుకీ టైమ్‌కి ఐదు సెకన్లు కలుపుతారు. టార్గెట్లు కూడా పెద్దవి, దగ్గరగా ఉంటాయి, రివాల్వర్‌కి పది గజాలు దాటదు సాధారణంగా. డెబ్భై ఏళ్ల తాతకి కూడా తగలాలి, తగిలితే ఠంగ్‌మని మోగాలి. ఆ మోతకి వెనకున్న వాళ్లందరూ ఓ అనాలి.

నాలుగోది, దీనికి వాళ్లు స్పిరిట్ ఆఫ్ ద గేమ్ అని పేరు పెట్టారు. రూల్‌బుక్‌లో సందు వెతుక్కుని గెలవాలని చూడద్దు, అందరూ ఆడినట్టు ఆడు అని. కావాలని దాన్ని తప్పితే 30 సెకన్ల జరిమానా. స్టేజీకి పట్టేదే 30 సెకన్లు అని చెప్పుకున్నాం కదా, అంటే ఆ స్టేజీలో నువ్వు పోయినట్టే. ఎండ్ ఆఫ్ ట్రెయిల్ గెలిచినా చేతికొచ్చేది బెల్టు బకిల్, కోట్ల చెక్కేం కాదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినవాణ్ని, రూల్ రాస్తే దాన్ని ఎలా తప్పించుకోవాలా అని చూసేవాళ్లనే ఎక్కువ చూశాను. ముప్పై సెకన్ల రూల్ మా అప్రైజల్స్‌లో పెట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఇక తుపాకీల రూల్స్. ఒక్కొక్కరికి రెండు రివాల్వర్లు, ఒక లీవర్ రైఫిల్, ఒక షాట్‌గన్, అన్నీ 1899కి ముందు నాటి మోడళ్లు లేదా వాటి నకళ్లు. ఆరు గుళ్లు పట్టే రివాల్వర్‌లో ఐదే పెట్టాలి, హ్యామర్ కింద గది ఖాళీగా ఉండాలి. గుళ్లు నింపడానికి వేరే టేబుల్, అక్కడ ఇంకొకడు చూస్తుండాలి. కాల్చాక ఇంకో టేబుల్ దగ్గరికెళ్లి ఖాళీ చేసి మళ్లీ చూపించాలి. ఆ రెండు టేబుళ్ల మధ్య తప్ప ఇంకెక్కడా తుపాకీలో గుండు ఉండకూడదు. మందు తాగితే ఆ రోజుకి ఆట లేదు. అంటే చూడండి, నడుముకి తుపాకీ వేలాడేసుకుని కాఫీ తాగుతున్న ఇరవై మంది, అందరివీ ఖాళీవే. సినిమా కౌబాయ్‌ని చూసి మొదలుపెట్టిన ఈ ఆట తెలిసో తెలియకో డాడ్జ్ సిటీ బోర్డు దగ్గరికే వచ్చింది.

మరి కబుర్లు దేని గురించి? ఎక్కువగా చిన్న విషయాలే. తూటాలు ఇంట్లోనే ఎలా నింపుకోవాలి, ఏ తోలు మెత్తగా ఉంటుంది, పాత నల్ల తుపాకీమందు వాడితే పొగకి టార్గెట్టే కనపడదు, దానికి మళ్లీ వేరే విభాగం ఉంది, వాళ్ల మీద జోకులు. మోకాలి ఆపరేషన్, మనవడి స్కూలు. ఎవరి తుపాకీ అయినా మొరాయిస్తే నాది తీసుకో అని పక్కవాడు ఇచ్చేస్తాడు, పోటీలో వాడి మీద ఓడిపోయే అవకాశం ఉన్నా సరే. కొత్తగా వచ్చినవాడికి మొదటి మ్యాచ్‌కి కావలసినవన్నీ తలా ఒకటి అప్పిచ్చి దింపడం మామూలు విషయం. వయసు పైబడినవాళ్లే ఎక్కువ. 70 దాటినవాళ్లకి ఎల్డర్ స్టేట్స్‌మన్ అని ఒక విభాగం, ఆ పైన కూడా ఉన్నాయి. రిటైరయ్యాక రోజంతా పేరుపెట్టి పిలిచేవాళ్లు దొరకడం ఎంత కష్టమో మన ఇళ్లల్లో పెద్దవాళ్లని అడగండి. ఆ పేరు తను పెట్టుకున్నదైతే ఇంకా బాగుంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కన్సాస్ అనగానే నాకు డాడ్జ్ సిటీ ఒక్కటే గుర్తురాదు. 2017 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలో ఒలేతా అనే ఊళ్లో, పని అయ్యాక స్నేహితుడితో బార్‌లో కూర్చున్న ఒక తెలుగు ఇంజినీర్‌ని, పరాయి దేశం వాడివని తిట్టి ఒకడు కాల్చి చంపాడు. అప్పుడు హైదరాబాద్‌లో, అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంట్లో ఫోన్లు మోగాయి. కాబట్టి అమెరికాలో తుపాకీ పట్టుకుని సరదాగా నవ్వుకుంటున్న మనుషుల గురించి చెప్తుంటే, మీలో కొందరికి కడుపులో ఏదో తిరుగుతుందని నాకు తెలుసు. నాకూ తిరుగుతుంది. అది పక్కన పెట్టి ఈ కథ చెప్పలేను.

ఈ ఆట వాళ్లు ఆ హత్య చేశారని కాదు, వాళ్ల జాగ్రత్తలు చూశారుగా. ప్రశ్న ఏంటంటే, ఆ పాసీలో నాలాంటి మొహం నిలబడితే ఆ నాలుగు గంటల కబుర్లు నాతో కూడా నడుస్తాయా? రూల్‌బుక్ అడిగేది రెండే, పేరూ వేషమూ. రంగు గురించి ఏమీ అడగదు. కానీ వేషం ఏ బొమ్మ నుంచి వచ్చింది? 1950ల టీవీ నుంచి. ఆ టీవీ వంట బండి చుట్టూ కూర్చున్న నల్లవాళ్లని దాదాపు తుడిచేసింది, వకేరోని విలన్ చేసింది. బాస్ రీవ్స్ అని ఒకాయన, బానిసగా పుట్టి 1875లో ఫెడరల్ డిప్యూటీ మార్షల్ అయ్యాడు, ముప్పై ఏళ్లకి పైగా దొంగల్ని పట్టాడు. ఆయన మీద పెద్ద సీరియల్ రావడానికి 2023 దాకా పట్టింది.

నా లెక్కలో, పాత కాలాన్ని ఆడుకునేవాళ్లకి ఆ కాలంలో ఎవరెవరు ఉన్నారో చూసే బాధ్యత కూడా ఉంటుంది. మంచి విషయం ఏంటంటే, చరిత్ర వైపు నుంచి చూస్తే తలుపు తీసే ఉంది. అసలు మందలు తోలిన గుంపే కలగాపులగం. నల్లవాడు, మెక్సికన్, జర్మనీ నుంచి వచ్చినవాడు, ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన కుర్రాడు, అందరూ ఒకే కుండలో బీన్స్ తిన్నారు. వివక్ష లేదని కాదు, ఊళ్లోకి వెళ్తే బాగానే ఉండేది. ట్రెయిల్ మీద మాత్రం రాత్రి కాపలాకి నీ వంతు వస్తే నువ్వు లేవాలి, అంతే.

ఇందాక బకరూ అనే మాట గుర్తుపెట్టుకోమన్నాను. ఈ ఆటలో చిన్నపిల్లల విభాగం పేరు అదే, బకరూ. తాత చెయ్యి పట్టుకుని టోపీ పెట్టుకుని వచ్చే పిల్లాడి బ్యాడ్జ్ మీద ఉండే ఆ మాట, ఒక మెక్సికన్ పశువుల కాపరి ఇచ్చిపోయింది. ఆ సంగతి ఎంతమంది తాతలు మనవళ్లకి చెప్తున్నారో మరి. మూడు నిమిషాలు పోగా నాలుగు గంటల టైమ్ ఉంది కదా, చెప్పచ్చు.

సరే, మీరైతే ఏం మారుపేరు పెట్టుకునేవాళ్లో కామెంట్‌లో రాయండి. మోసగాళ్లకు మోసగాడు అని మాత్రం అందరూ రాయకండి, రూల్ తెలుసుగా, ఆ పేరు ఒక్కరికే. ముందు రాసినవాళ్లదే.